చివరి దశలో హాస్పీస్ సేవ: రాత్రి వచ్చే కష్టానికి పగలే సిద్ధం కావడం

రాత్రి 2 గంటలకు నొప్పి ఎక్కువవుతుంది. ఇంట్లో మందు ఉండదు. ఉన్నా ఎంత ఇవ్వాలో తెలియదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లుండరు. ఇక అంబులెన్సు, అత్యవసర విభాగం, రోగి సంగతి ఏమీ తెలియని కొత్త డాక్టరు, మళ్లీ మొదటినుంచీ పరీక్షలు. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ల చివరి వారాలు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. నొప్పికి, ఆయాసానికి, వాంతికి, కంగారుకి మందులున్నాయి. ఆ గంటకు అవి చేతికి అందకపోవడం, వాడే తీరు తెలియకపోవడం అసలు చిక్కు. హాస్పీస్ సేవ, అంటే నయం కాని జబ్బు చివరి దశలో రోగిని బాధ లేకుండా సుఖంగా ఉంచే సేవ, తీర్చేది ఈ చిక్కునే. కాబట్టి సేవ ఎంచుకునేటప్పుడూ, మందులు తెచ్చుకునేటప్పుడూ ఒక్కటే అడుగుతూ ఉండండి: అర్ధరాత్రి ఇది జరిగితే ఏం చేస్తాం?

హాస్పీస్ అంటే ఒక భవనం అనుకుంటారు చాలామంది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌తో ఈ పద్ధతికి ఇప్పటి రూపం వచ్చింది. అది భవనమే. అయితే ఆమె నర్సుగా, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా, ఆ తర్వాత డాక్టరుగా పనిచేసిన మనిషి. అందుకే నొప్పిని ఒంటికి సంబంధించిన సంగతిగా మాత్రమే చూడలేదు. భయం, డబ్బు దిగులు, పిల్లలేమవుతారన్న బెంగ, ఎందుకిలా జరిగిందన్న వేదన అన్నీ కలిసే నొప్పి అవుతుందని చెప్పింది. ఇప్పుడు చాలాచోట్ల ఈ సేవ రోగి ఇంటికే వస్తుంది. ఇంట్లో అదుపులోకి రాని నొప్పికో, చూసుకునేవాళ్లకు కొన్ని రోజుల విరామానికో మాత్రం పడకలున్న హాస్పీస్ అవసరమవుతుంది.

ఎప్పుడు అడగాలి

అందరూ ఆలస్యంగానే అడుగుతారు. ఆఖరి మూడు నాలుగు రోజుల్లో చేరితే ఆ బృందం మందులు సరిచేసే లోపే అంతా అయిపోతుంది. నొప్పి మందు మోతాదు కుదరడానికే కొన్ని రోజులు పడుతుందని గుర్తుంచుకోండి.

డాక్టర్లు తమను తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: ‘ఈ మనిషి ఏడాదిలోపు పోతే నాకు ఆశ్చర్యంగా ఉంటుందా?’ ఉండదు అనిపిస్తే మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. ఇదే ప్రశ్న మీరే డాక్టరును అడగొచ్చు. ‘ఎన్నాళ్లు బతుకుతారు’ అంటే తప్పించుకునే డాక్టరు కూడా దీనికి సూటిగా జవాబివ్వొచ్చు. ఇంట్లో మీకు కనబడే గుర్తులూ ఉంటాయి. మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడుస్తోంది. ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గింది. ఆసుపత్రికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మునుపటికంటే ఒక మెట్టు కిందికే దిగుతున్నారు. చికిత్స వల్ల వచ్చే బాధ, దానివల్ల కలిగే మేలును మించిపోయింది.

ఉపశమన చికిత్సకూ హాస్పీస్‌కూ తేడా తెలుసుకోవాలి. ఉపశమన చికిత్స అంటే నొప్పి, ఆయాసం లాంటి బాధల్ని తగ్గించడం. అది జబ్బు తెలిసిన రోజునుంచే, కీమోథెరపీ లాంటి వాటితో పాటే నడవొచ్చు. హాస్పీస్ అనేది జబ్బును తగ్గించే చికిత్స ఆపి, సుఖంగా ఉంచడమే లక్ష్యంగా పెట్టుకున్న దశ. కొన్ని దేశాల్లో దీనికి గడువు లెక్క ఉంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కింద చేరాలంటే, జబ్బు తన దారిన నడిస్తే ఆయుష్షు ఆరు నెలలో అంతకంటే తక్కువో అని డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆరు నెలలు దాటి బతికితే పంపేయరు, మళ్లీ ధ్రువీకరిస్తారు. మనసు మారితే రోగి బయటికి రావచ్చు, తర్వాత తిరిగి చేరవచ్చు.

‘అందులో చేరిస్తే తొందరగా పోతారు’ అన్న భయానికి ఆధారం లేదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, మొదటినుంచీ ఉపశమన చికిత్స కూడా అందుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు. మామూలు చికిత్స ఒక్కటే అందుకున్నవాళ్లది 8.9 నెలలు. పైగా మొదటివాళ్లకు దిగులు తక్కువ, చివరి రోజుల్లో పనికిరాని చికిత్సలూ తక్కువ.

సేవను ఎంచుకునే ముందు

మంచి బృందంలో డాక్టరు, నర్సు, ఒళ్లు తుడవడం, దుస్తులు మార్చడం లాంటివి చేసే సహాయకులు, సామాజిక కార్యకర్త, కావాలన్నవాళ్లకు ఆధ్యాత్మిక సలహాదారు, స్వచ్ఛంద సేవకులు ఉంటారు. వీళ్లెవరూ 24 గంటలూ మీ ఇంట్లో ఉండరు. నర్సు వారానికి ఒకటో రెండో సార్లు వస్తుంది, ఆఖర్లో రోజూ రావచ్చు. మిగతా సమయమంతా చూసుకునేది ఇంటివాళ్లే. ఈ సంగతి చేరేముందు తెలియక, ఆనక మోసపోయామని బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

అడగాల్సినవి ఇవి. రాత్రి, సెలవు రోజు ఫోన్ చేస్తే ఎత్తేది నర్సేనా, లేక కబురు రాసుకునే మనిషా? అవసరమైతే రాత్రి ఇంటికి వస్తారా, ఎంతసేపట్లో? బలమైన నొప్పి మందు మార్ఫిన్ మీ దగ్గర ఉంటుందా, లేక మేమే తెచ్చుకోవాలా? మంచం, గాలి పరుపు, ఆక్సిజన్ యంత్రం ఎవరిస్తారు? నొప్పి అదుపులోకి రాకపోతే ఏ పడకకు పంపుతారు? పోయిన తర్వాత ధ్రువపత్రం ఎవరు రాస్తారు? మొదటి ప్రశ్నకు తడబడితే వేరే సేవ వెతకండి. మిగతావన్నీ బాగున్నా రాత్రి ఫోన్ ఎత్తని సేవ ఆదుకోలేదు.

మొదటిసారి నర్సు వచ్చినప్పుడు వాడుతున్న ప్రతి మందు సీసా, పట్టీ బల్ల మీద పెట్టండి. చీటీ రాసిస్తే చాలదు, ఎందుకంటే చీటీలో ఉన్నవి వేరు, నిజంగా మింగుతున్నవి వేరు. కొలెస్టరాల్ మాత్రల్లాంటి, కొన్నేళ్ల తర్వాత మేలు చేసే మందులు ఈ దశలో ఆపేయొచ్చు. మింగడం కష్టమవుతున్న మనిషికి పన్నెండు మాత్రలు ఆరుకి తగ్గడమే పెద్ద ఊరట.

అదే రోజు నిర్ణయాలు కూడా కాగితం మీదికి రావాలి. రోగి మాట్లాడలేనప్పుడు ఎవరు మాట్లాడాలి, గుండె ఆగితే ఛాతీ నొక్కి తిరిగి తెప్పించే ప్రయత్నం చేయాలా వద్దా, వెంటిలేటర్ కావాలా, ఎక్కడ పోవాలని కోరుకుంటున్నారు అన్నవి. కుటుంబంలో ఒకరికి మాత్రమే తెలిసి, మిగతావాళ్లకు తెలియకపోతే ఆ కాగితం పని చేయదు. చివరి గంటలో దూరం నుంచి వచ్చినవాళ్లు ఒత్తిడి పెడితే, అందరూ కలిసి కాదనుకున్నదే జరిగిపోతుంది. కాగితం నకలు మంచం దగ్గరే, అంబులెన్సు వాళ్లకు కనబడే చోట ఉంచండి.

దాదాపు ఎవరూ గుర్తుంచుకోని విషయం ఒకటి. ఛాతీలో షాక్ ఇచ్చే యంత్రం, అంటే డీఫిబ్రిలేటర్ అమర్చినవాళ్లకు ఆ షాక్ పనిని ముందే ఆపించాలి. లేకపోతే గుండె ఆగిపోతున్న ఘడియల్లో అది పదేపదే షాక్ ఇవ్వొచ్చు. పక్కన కూర్చున్నవాళ్ల కళ్లముందే ఒళ్లు ఎగిరిపడుతుంది. ఆపడానికి కోత అవసరం లేదు, పైనుంచే యంత్రంతో చేస్తారు. పేస్‌మేకర్‌ను మామూలుగా ఆపనక్కర్లేదు గానీ, దహనం చేయబోతే అది ఒంట్లో ఉందని ముందే చెప్పాలి, తీసేయించాలి. వేడికి దాని బ్యాటరీ పేలుతుంది.

నొప్పి

ఒక్క పని బాగా నేర్చుకోగలిగితే ఇదే నేర్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి చెప్పిన పద్ధతి ఇప్పటికీ పునాది: వీలైనంతవరకు నోటి ద్వారా, గడియారం చూసి, నొప్పి తీవ్రతకు తగిన మెట్టు మీద (తేలికపాటి మందు నుంచి బలమైన మందు దాకా). ఈ మూడింట్లో ఇళ్లల్లో తప్పేది ‘గడియారం చూసి’ అన్నదే. ‘నొప్పి వచ్చినప్పుడు ఇద్దాంలే’ అని ఆగితే, మందు పనిచేసే లోపు నొప్పి కొండెక్కి కూర్చుంటుంది. దాన్ని దించడానికి ఎక్కువ మందు కావాలి.

మామూలు మార్ఫిన్, అంటే ద్రవం గానీ వెంటనే కరిగే మాత్ర గానీ, సుమారు 4 గంటలు పనిచేస్తుంది. మింగాక అరగంట నుంచి గంటలో పూర్తి బలం చూపుతుంది. ఇంతకుముందు ఇలాంటి మందు వాడనివాళ్లకు తరచూ 5 మిల్లీగ్రాములతో, వృద్ధులకు, బాగా నీరసించినవాళ్లకు 2.5తో మొదలుపెడతారు. నిద్ర చెడకుండా రాత్రి పడుకునే ముందు రెట్టింపు మోతాదు రాయడమూ ఉంది, అది డాక్టరు రాస్తేనే. గంటల ప్రకారం ఇచ్చే మోతాదుకు తోడు, మధ్యలో లేచే నొప్పికి అదనపు మోతాదు కూడా తప్పకుండా రాయించుకోండి. అది సాధారణంగా రోజు మొత్తంలో ఆరో వంతు. రోజుకు 30 మిల్లీగ్రాములు వాడుతుంటే అదనపుది 5. అదనపు మోతాదు ఇచ్చినా, గంటల ప్రకారం ఇచ్చే తర్వాతి మోతాదు మానకూడదు. చాలామంది ‘ఇప్పుడే ఇచ్చాం కదా’ అని మానేస్తారు, రెండు గంటల్లో నొప్పి తిరిగి వస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతి మోతాదుకీ సమయం, మోతాదు, ఇవ్వకముందు నొప్పి 10కి ఎంత, గంట తర్వాత ఎంత అన్నవి రాయండి. రోజులో అదనపు మోతాదులు మూడు దాటితే నర్సుకు ఫోన్ చేయండి. ఆ లెక్క చూసే అసలు మోతాదు పెంచుతారు. నోట్‌బుక్ లేకపోతే డాక్టరు ఊహించాల్సి వస్తుంది. రోజు షిఫ్టులు మారేటప్పుడు ఒకే మోతాదు ఇద్దరు ఇవ్వడం, లేదా ఇద్దరూ ఇవ్వకపోవడం కూడా దీనివల్లే ఆగుతుంది. ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం లాంటి నొప్పి పుట్టించే పనులకు అరగంట ముందు అదనపు మోతాదు ఇస్తే ఆ పని సాఫీగా సాగుతుంది.

12 గంటలకోసారి ఇచ్చే మెల్లగా కరిగే మాత్రను ఎప్పుడూ నలగ్గొట్టొద్దు, చీల్చొద్దు. పన్నెండు గంటల మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్తుంది. మింగలేకపోతే ద్రవానికో, చర్మానికి అంటించే పట్టీకో మార్చమని అడగండి. మార్ఫిన్ లాంటి మందైన ఫెంటనిల్ పట్టీ 72 గంటలకోసారి మారుస్తారు. మొదటిది అంటించాక పూర్తి ప్రభావానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది కాబట్టి ఆలోపు పాత మందు కొనసాగుతుంది. పట్టీ మీద వేడినీళ్ల సంచి, వేడి దుప్పటి పెట్టొద్దు. వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది, జ్వరం వచ్చినా అంతే. తీసేసిన పట్టీలో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి దొరకని చోట పారేయాలి. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటే ప్రాణం పోగలదు.

మార్ఫిన్ అంటే భయపడే ఇల్లే ఎక్కువ. ‘ఇది అలవాటైపోతుంది’, ‘ఇది ఆఖరి మందు’ అంటూ రోగి నొప్పి దాచుకుంటారు, చూసుకునేవాళ్లు సగం మోతాదే ఇస్తారు. నొప్పికి తగినట్టు మెల్లగా పెంచిన మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజులు మగత, వారంలోపు వికారం ఉంటాయి, తగ్గిపోతాయి. మొదటి రోజులకు వికారం మందు ఇంట్లో ఉంచుకోవాలి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచన మందు కూడా మొదలవ్వాలి. సెన్నా, బైసాకోడిల్ లాంటి పేగు కదలించేవి కావాలి. పీచు పొడులు వద్దు, నీళ్లు తక్కువ తాగే మనిషికి అవి పేగులో గట్టిపడి అడ్డుకుంటాయి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయండి. నీళ్లలా కొద్దికొద్దిగా కారుతుంటే అతిసారం అనుకుని ఆపే మందు ఇవ్వొద్దు. గట్టిపడ్డ మలం చుట్టూ జారి వచ్చేది అలాగే ఉంటుంది.

మోతాదు ఎక్కువైందని చెప్పే గుర్తులు: చేతులు కాళ్లు ఉలిక్కిపడటం, లేనివి కనబడటం, లేపినా లేవలేనంత మగత, కంటిపాప సూదిమొనంత కావడం, నిమిషానికి 8 కంటే తక్కువ శ్వాసలు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివాళ్లలో మార్ఫిన్ నిలవుండిపోయి ఇలా అవుతుంది. అలాంటప్పుడు తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఫోన్ చేయాలి. మందు మార్చడమో, గంటలు పెంచడమో చేస్తారు.

మార్ఫిన్‌తో పూర్తిగా తగ్గని నొప్పులూ ఉన్నాయి. మంటగా, కరెంటు కొట్టినట్టుండే నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి కావాలి. అవి పనిచేయడానికి రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒకే ఒక్కసారి రేడియేషన్ ఇస్తే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇది ఆయుష్షు పెంచే చికిత్స కాదు, హాస్పీస్‌లో ఉన్నా అడగొచ్చు. కొత్తగా నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడటం, తిమ్మిరి, మూత్రం ఆగడం మొదలైతే అది వెన్నుపాము నలుగుతున్నదని అర్థం. ఒక్కరోజు కూడా ఆగకుండా చెప్పాలి, ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాదు.

మాట పోయినవాళ్ల నొప్పి ముఖంలో చూడాలి: ముడిపడ్డ కనుబొమలు, బిగిసిన పిడికిళ్లు, కదిలిస్తే మూలుగు. మాట పోయింది కాబట్టి నొప్పి పోయిందనుకుని మందు ఆపేయడం పెద్ద పొరపాటు.

ఆయాసం, కలవరం

ఆయాసం వచ్చినప్పుడు ముందు ఒక చిన్న ఫ్యాను ముఖం మీదికి, బుగ్గలకూ ముక్కుకూ తగిలేలా పెట్టండి. ముఖం మీది నరాలకు చల్లగాలి తగిలితే మెదడుకు ఊపిరాడనట్టు అనిపించడం తగ్గుతుంది. కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి దానిమీదికి వాలనివ్వండి. గదిలో జనాన్ని తగ్గించండి. చిన్న మోతాదు మార్ఫిన్ ఆయాసానికి కూడా మందే, చాలామందికి ఇది తెలియదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినవాళ్లకు ఆక్సిజన్ పనిచేస్తుంది. మామూలుగా ఉన్నవాళ్లకు ఫ్యాను గాలికి మించి ఉపయోగం పెద్దగా ఉండదు, ముక్కులో గొట్టం మాత్రం మిగులుతుంది.

ఉన్నట్టుండి మంచం దిగబోవడం, బట్టలు లాగేయడం, ఎవరినో పిలవడం మొదలైతే మత్తు మందుకు ముందు రెండు చూడాలి. మూత్రం ఆగిందా? పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉంటే గొట్టం వేయగానే నెమ్మదిస్తారు. మలం గట్టిపడిందా? ఇవి కాకపోతే హాలోపెరిడాల్ ఇస్తారు, అవసరమైతే నిద్రమందు కలుపుతారు. గది దీపం పూర్తిగా ఆర్పకుండా మసకగా ఉంచండి. ‘అలా లేదు, నీకు కలే’ అని వాదించొద్దు. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుని, నేనున్నానని చెప్పండి, చాలు.

తిండి, నీళ్లు

ఇంటివాళ్లను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. తినకపోవడం వల్ల చనిపోతున్నారనిపిస్తుంది. నిజానికి జబ్బు ముదిరి ఒళ్లు మూతపడుతున్నందువల్లే తినడం తగ్గింది. ఈ దశలో బలవంతంగా పెట్టిన తిండి కండ పట్టదు. వికారం, కడుపుబ్బరం, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా మిగులుతాయి. అడిగినప్పుడు అడిగినంత, నిటారుగా కూర్చోబెట్టి, టీస్పూనుతో పెట్టండి. మింగేటప్పుడు దగ్గొచ్చినా, గొంతు తడిగా మారినా అక్కడితో ఆపాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

సెలైన్ సంగతి ప్రతి ఇంట్లో వస్తుంది. క్యాన్సర్ ముదిరిన హాస్పీస్ రోగులకు రోజుకు ఒక లీటరు సెలైన్ ఎక్కించడాన్నీ, కేవలం 100 మిల్లీలీటర్లు ఎక్కించడాన్నీ పోల్చిన అధ్యయనం 2013లో వచ్చింది. బాధల్లోనూ, ఆయుష్షులోనూ తేడా కనబడలేదు. ఆఖరి రోజుల్లో ఎక్కించిన నీరు కాళ్ల వాపుగా, గొంతులో గరగరగా బయటపడటమూ ఉంది. నోరెండితే దాహం అనిపిస్తుంది. దానికి మందు నోరు తడపడమే.

కాబట్టి ‘ఏదో ఒకటి చేయాలి’ అనిపించే చేతులకు నోటి పని అప్పగించండి. మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలించనివ్వండి. పుక్కిలించలేకపోతే స్పాంజితో తుడవండి. స్పృహ తగ్గాక గంటకో రెండు గంటలకో ఒకసారి పిండిన స్పాంజితో నోరు తడపండి, నీళ్లు పోయొద్దు. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల పెదవులకు పెట్రోలియం జెల్లీ రాయకండి, మంటకు దారి తీయొచ్చు. నీటి ఆధారంగా చేసిన లేపనం వాడండి. నాలుక మీద చుట్టూ తెల్లటి పొరలు, మింగితే నొప్పి ఉంటే అది ఫంగస్, మందుంది.

చర్మం

2 నుంచి 4 గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు ఇస్తే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచండి. లాగకుండా, నడుము కింద పరిచిన అడ్డ దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తండి. లాగినప్పుడు తోలు కిందే చీలుతుంది, పైకి కనబడదు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు కనబడదు కాబట్టి చుట్టుపక్కలకంటే వేడిగా, గట్టిగా, ముదురుగా ఉందేమో చేత్తో తాకి చూడాలి. అక్కడ రుద్దొద్దు, గాలి నింపిన గుండ్రటి రింగులు వాడొద్దు. రింగు చుట్టూ ఒత్తిడి పెరిగి మధ్యలోకి రక్తం అందదు.

వాసన వచ్చే క్యాన్సర్ పుండు ఉంటే రోగి మనుషుల్ని దగ్గరికి రానివ్వరు. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి గానీ జెల్ రూపంలో గానీ పుండు మీద వేస్తే కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది. నర్సును అడగండి, తమంతట తాము చెప్పకపోవచ్చు. రక్తం కారే అవకాశమున్న పుండు ఉంటే ముదురు రంగు తువాళ్లు దగ్గర పెట్టుకోండి. తెల్లబట్ట మీద కొద్ది రక్తమే అందర్నీ భయపెడుతుంది.

ఆఖరి ఒకటి రెండు రోజుల్లో పుండ్ల లెక్క వెనక్కి వెళ్తుంది. కదిలిస్తే బాధపడుతుంటే గంటలు చూసి తిప్పనక్కర్లేదు.

రాత్రి డబ్బా

ఇదంతా పనికిరావాలంటే ఇంట్లో ఒక డబ్బా సిద్ధంగా ఉండాలి. అందులో మార్ఫిన్ ద్రవం, కొలత సిరంజి, వికారానికీ కలవరానికీ హాలోపెరిడాల్, భయానికీ నిద్రకూ లోరజెపామ్ లేదా మిడజోలామ్, గొంతు గరగరకు గ్లైకోపిరోలేట్ లేదా హయోసిన్, జ్వరానికి మలద్వారంలో పెట్టే పారాసెటమాల్, విరేచనానికి బైసాకోడిల్ ఉంటాయి. ప్రతిదానిమీద ‘ఏ బాధకు, ఎంత, ఎన్ని గంటలకోసారి, ఎన్నిసార్లకు మించితే ఫోన్ చేయాలి’ అని పెద్ద అక్షరాలతో నర్సుచేత రాయించండి. ఎవరైనా మెలకువగా ఉన్న పగటి సమయంలో నర్సు ముందే ఒకసారి సిరంజితో నీళ్లు కొలిచి నేర్చుకోండి. చీకట్లో 0.5, 5 మధ్య చుక్క కనబడకపోతే పదిరెట్ల తేడా వస్తుంది. డబ్బా తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలిసేలా పెట్టండి.

ఆఖరి రోజులు ఎలా కనబడతాయి

నిద్ర పెరిగి రోజంతా అయిపోతుంది. మూత్రం తగ్గి ముదురు రంగుకు వస్తుంది. చేతులు కాళ్లు చల్లబడతాయి, మోకాళ్ల మీద ఊదారంగు మచ్చలు పాకుతాయి. శ్వాస వేగంగా పెరిగి, తగ్గి, ఆగి, అర నిమిషం తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగినప్పుడు ఇంటివాళ్లు ఊపిరి బిగబట్టుకుని చూస్తారు. అది రోగికి బాధ కాదు. దవడ ప్రతి శ్వాసకూ కదలడం మొదలైతే ఇక గంటల వ్యవహారమని అర్థం.

గొంతులో గరగర వింటే ఊపిరాడట్లేదనిపిస్తుంది. మింగలేని లాలాజలం గాలి దారిలో కదిలే శబ్దం అది. స్పృహ లేని మనిషికి అది తెలియదు. పక్కకు తిప్పి, తల కొద్దిగా ఎత్తి, నోటి ముందు భాగం తుడవండి. గొంతు లోపలికి గొట్టం దించి పీల్చితే గీరుకుని ఇంకా ఊరుతుంది. గ్లైకోపిరోలేట్ లాంటివి కొత్తగా ఊరేదాన్ని ఆపుతాయే గానీ చేరినదాన్ని ఎండబెట్టవు. అందుకే మొదలైన వెంటనే ఇవ్వాలి.

మాట్లాడటం ఆపకండి. కెనడాలో హాస్పీస్ రోగుల మెదడు తరంగాలు కొలిచి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన లేని కొందరి మెదళ్లు కూడా శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదడులాగే జవాబిచ్చాయి. కాబట్టి మంచం పక్కన ఆస్తులు, అంత్యక్రియలు చర్చించొద్దు. చెప్పాల్సినవి చెవి దగ్గర చెప్పండి.

ప్రాణం పోయాక తొందరపడాల్సింది ఏదీ లేదు. గుండె నొక్కాల్సిన పని లేదని ముందే అనుకున్నారు కాబట్టి అంబులెన్సును పిలవకండి, హాస్పీస్ నంబరుకు చేయండి. సమయం రాసి పెట్టండి. కనురెప్పలు అర నిమిషం మృదువుగా మూసి పట్టుకుంటే నిలుస్తాయి. గడ్డం కింద తువాలు చుట్టి పెట్టండి. రెండు మూడు గంటల్లో దవడతో మొదలై ఒళ్లు బిగుస్తుంది. ముందుగానే సర్దితే ముఖం ప్రశాంతంగా ఉంటుంది. తిప్పేటప్పుడు మూలుగులాంటి శబ్దం రావచ్చు, ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి అది. మిగిలిన మార్ఫిన్, పట్టీలు లెక్కపెట్టి నర్సుకు అప్పగించండి.

చూసుకునేవాళ్లకు

ఒక్కరే మోస్తే ఆ ఒక్కరు రెండు వారాల్లో కూలిపోతారు, దాంతో ఇంటి సంరక్షణ కూలుతుంది. రాత్రుళ్లను ముందే పంచుకోండి. ఒక్కొక్కరు వారానికి రెండు రాత్రులు వంతున రాసి గోడకు అంటించండి. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనేవాళ్లకు ఒక నిర్దిష్టమైన పని ఇవ్వండి: మంగళవారం మందులు తేవడం, బడి నుంచి పిల్లల్ని తీసుకురావడం. చూసుకునేవాళ్లు పూర్తిగా అలసిపోతే రోగిని కొన్ని రోజులు హాస్పీస్ పడకకు పంపే సేవ చాలాచోట్ల ఉంది. అది వాడుకోవడం రోగిని వదిలేయడం కాదు.

పిల్లలకు ‘నిద్రపోయారు’, ‘ఊరెళ్లారు’ అని చెప్పొద్దు. నిద్రంటేనే భయపడతారు, ఊరెళ్లినవాళ్ల కోసం ఎదురుచూస్తారు. జబ్బు పేరు చెప్పండి, మందులు ఇక నయం చేయలేవని చెప్పండి, చనిపోతారు అనే మాటే వాడండి. నీవల్ల రాలేదు, నీకు అంటదు, నిన్ను చూసుకునేవాళ్లున్నారు అన్న మూడూ పదేపదే చెప్పండి. గదిలోకి రమ్మని బలవంతం చేయొద్దు, రావాలంటే ఆపొద్దు. వచ్చేముందు లోపల ఏం కనబడుతుందో చెప్పి తీసుకెళ్లండి.

తర్వాత వచ్చే దుఃఖానికి గడువు లేదు. ‘ఆ రాత్రి ఇచ్చిన చివరి మోతాదే ప్రాణం తీసిందా’ అన్న అనుమానం చూసుకున్నవాళ్లను తొలిచేస్తుంది. చివరి మోతాదు అనేది ఎప్పుడూ ఒకటి ఉంటుంది, ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఆ నోట్‌బుక్ నర్సుకు చూపించి అడగండి, ఆమె వివరంగా చెబుతుంది. హాస్పీస్ బృందాలు చాలాచోట్ల ఏడాది దాకా ఫోన్ చేసి పలకరిస్తాయి. ఆరు నెలలు దాటినా రోజూ అదే తీవ్రతతో పని, తిండి, నిద్ర సాగకపోతే, బతకాలని లేదనిపిస్తే, మొదటి సంవత్సరం పూర్తయ్యేదాకా ఆగకండి. అదే నంబరుకు ఫోన్ చేసి, దుఃఖానికి సహాయం చేసేవాళ్లు కావాలని అడగండి.